గడప బయట నిలబడి అడగడం నేర్పిన తారామణి గారు

పందొమ్మిది వందల ఎనభై రెండవ సంవత్సరం జూలై ఐదవ తేదీ, సోమవారం నాడు, జోరున కురిసే వానలో ఘట్‌కేసర్ కార్యాలయపు మెట్లెక్కి, తడవకుండా చీర కొంగులో చుట్టి తెచ్చిన నియామకపు ఉత్తర్వును అధికారి బల్లమీద ఉంచి గ్రామసేవికగా ఉద్యోగంలో చేరిన శ్రీమతి తారామణి గారు, దాదాపు ముప్పై రెండు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ మే నెల ముప్పై ఒకటవ తేదీన మా ఉప్పల్ మహిళా సహాయ విభాగం పర్యవేక్షణాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. మరి రెండు రోజులకు కొత్త రాష్ట్రం అవతరిస్తున్నది. కొలువంతా పాత రాష్ట్రంలో, విశ్రాంతి అంతా కొత్త రాష్ట్రంలో! పొలిమేర ఇంత కచ్చితంగా చూసుకొని బండి దిగిన ఉద్యోగి మరొకరు లేరు. దీనికి కూడా ఆవిడ ముందే ఫైలు నడిపి ఉంటారని మా కార్యాలయంలో కొందరి అనుమానం.

ఘట్‌కేసర్ చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లల తూకాలు, బాలింతల బాగోగులు, కుట్టు శిక్షణ తరగతులు ఆవిడ తొలినాటి విధులు. పిల్లలను తూచే త్రాసును భుజాన వేసుకొని బస్సెక్కితే, దానికి కూడా టికెట్టు తీసుకోవలసిందేనని ఒక కండక్టరు పట్టుబట్టాడట. “ఐదేండ్ల లోపు పోరగాండ్లకు టికెట్ లేదు గదనే అన్నా, దీన్ని కొని నాలుగేండ్లే అయింది” అని తారామణి గారు వాదించి గెలిచారట. అయితే పసివాళ్లలాగే త్రాసును కూడా ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని కండక్టరు షరతు పెట్టాడట. ఇందులో నిజమెంతో ఆవిడే చెప్పాలి. అడిగితే నవ్వుతారు, చెప్పరు.

తొంభైల మధ్యలో పదోన్నతిపై మల్కాజిగిరి చేరి, అక్కడి అంగన్‌వాడీ కేంద్రాలను కన్నబిడ్డల్లా సాకి, రెండు వేల ఒకటిలో కుటుంబ సలహాదారుగా మా విభాగానికి వచ్చారు. వచ్చిన కొత్తల్లోనే ఆవిడ పనితీరులోని ఒక విశేషం అందరి కంటా పడింది. ఏ ఇంటికి విచారణకు వెళ్లినా ఆవిడ ముందు కాగితం తీయరు. “జర మంచినీళ్లిస్తరా?” అని అడుగుతారు. అడిగి, ముందుగదిలో కుర్చీ వేసినా కూర్చోక, నీళ్ల వెంట వంటింట్లోకి నడుస్తారు. నీళ్లు ఎవరు తెచ్చారు, తెచ్చిన చెయ్యి వణికిందా, గ్లాసు అందించే ముందు ఆ మనిషి ఎవరి ముఖం వైపు చూసింది అన్నది గమనిస్తారు. ముందుగదిలో గంటసేపు వినిపించే కథ కంటె వంటింట్లో గుక్కెడు నీళ్లు తాగేలోపు కనిపించేది ఎక్కువని ఆవిడ సిద్ధాంతం. ఈ సిద్ధాంతం పుణ్యమా అని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఆవిడ తాగిన నీళ్లను ఒక్కచోట పోస్తే రామంతాపూర్ చెరువు అలుగు పారేదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నవాడి అంచనా.

ఇక్కడ మా విభాగపు పాత ఆచారమొకటి ఆవిడ కుటుంబ సభ్యుల కోసం, కొత్తగా చేరిన సహోద్యోగుల కోసం వివరించవలసి ఉంది. భార్యాభర్తల తగవు మా ముందుకు వస్తే ఇద్దరినీ పిలిపించి, భర్తను మందలించి, భార్యను బుజ్జగించి, “ఇకమీదట చెయ్యెత్తను” అని అతడనగానే లడ్డూల పొట్లం విప్పేవారు. పెళ్లిపీటల మీదలాగ ఒకరిచేత ఒకరికి చెరి సగం తినిపించి, చప్పట్లు కొట్టి సాగనంపేవారు. దానికి రాజీ లడ్డూ అని పేరు. ఉప్పల్ రింగురోడ్డు మీది మిఠాయి దుకాణదారు పొద్దున్నే షట్టరెత్తుతూ, “ఇయ్యాల ఎన్ని జంటలు సార్?” అని మావాళ్లను అడిగేవాడు. పెట్టేవారి మనసులో కల్మషం లేదు. సంసారాలు నిలబెడుతున్నామన్న పుణ్యభావమే ఉండేది.

కానీ ఒక జంట మూడుసార్లు ఆ లడ్డూ తిన్నారు. మూడవసారి ఆ ఇల్లాలు పిండికట్టు వేసిన చేత్తోనే భర్త నోటికి లడ్డూ అందించింది. హాలంతా చప్పట్లు మోగాయి. తారామణి గారి చేతులు మాత్రం కదలలేదు. ఆ సాయంత్రం జీపెక్కుతూ, “మనం ఎవరి నోరు తీపి జేస్తున్నం?” అని పక్కనున్నవారిని అడిగారు. 

రెండు వేల ఆరు అక్టోబరులో, గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం అమలులోకి వచ్చింది. కొట్టడమే కాదు, మాటలతో కుంగదీయడం, సంపాదన లాక్కోవడం, ఇంట్లోనుంచి వెళ్లగొట్టడం కూడా హింసేనని ఆ చట్టం చెప్పింది. కిరాయి కాగితం ఎవరి పేరున ఉన్నా కాపురం చేసిన ఇంట్లో నిలిచే హక్కు భార్యకు ఉన్నదన్నది. అవసరమైతే కొట్టేవాడినే బయట ఉండమనే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. మా ప్రాంతంలో బాధితుల వాంగ్మూలాలు విని, నివేదికలు రాసి, కోర్టుకు చేర్చే బాధ్యతను తారామణి గారికి అప్పగించారు. అలా చట్టమైతే వచ్చింది గానీ, లడ్డూ ఎక్కడికీ పోలేదు.

ఆ మరుసటి సంవత్సరం నవంబరు చివర్లో, నాచారం పారిశ్రామికవాడ వెనుక సందులో కాపురముండే నిస్సీ అనే యువతి మా కార్యాలయానికి వచ్చింది. భర్త క్రిస్టోఫర్ వెల్డింగు పనివాడు. పని వచ్చినవాడే, కాని చీకటి పడితే మనిషి మారిపోయేవాడు. నిస్సీ ఇంట్లోనే మిషన్ పెట్టుకొని బట్టలు కుట్టేది. ఒకనాడు ఆమెనూ, బడికి వెళ్లే కూతురినీ బయటికి నెట్టి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని తిరగడం మొదలుపెట్టాడు. తల్లీబిడ్డలు చర్చి పాటల బృందంలోని ఒక స్నేహితురాలి ఇంట తలదాచుకున్నారు. క్రిస్మస్ ముందరి రోజులు. ఆ బృందం వారు పండుగకు కుట్టించుకుంటున్న జాకెట్ల గుడ్డలు, పిల్లల తెల్ల గౌన్ల గుడ్డలు అన్నీ ఆ తాళం వెనుకే ఉన్నాయి. పండుగలోపు ఆ తలుపు తెరుచుకోకపోతే నిస్సీకి ఇల్లు పోవడమే కాదు, నాచారంలో ఇక ఎవరూ ఆమె చేతికి గుడ్డ ఇవ్వరు. ఆమెకు బతుకుతెరువంటూ ఉన్నది ఆ తలుపు అవతలే.

మావాళ్లు అలవాటు ప్రకారం క్రిస్టోఫర్‌ను పిలిపించారు. అతడు తలదువ్వుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, బుద్ధిమంతుడై వచ్చి నిలబడ్డాడు.

“దేవుని తోడు మేడం, ఇంకోపారి చెయ్యెత్తను. కోపంల ఏదో అయిపోయింది.”

“ఒప్పుకుండు గదమ్మా,” అన్నారు అప్పటి అధికారి గారు ఎంతో సంతోషంగా. అప్పటికే పొట్లం విప్పారు. “ఇగ తినిపియ్యి.”

నిస్సీ లడ్డూ చేతిలోకి తీసుకున్నది. తినిపించలేదు, తినలేదు. కాసేపు దాన్నే చూసి, తిరిగి పొట్లంలో పెట్టి, వేళ్లు కొంగుకు తుడుచుకున్నది.

“సార్, తాళంచెవి ఆయన జేబుల ఉన్నది. లడ్డు నా నోట్లకు ఎట్ల దిగుతది?”

 క్రిస్టోఫర్ చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది. తారామణి గారు లేచి వచ్చి, నిస్సీని పక్కగదిలోకి తీసుకుపోయి, ఇన్నేళ్లలో మా హాలులో ఎవరూ ఏ భార్యనూ ఒంటరిగా అడగని ప్రశ్న అడిగారు.

“నీకేం గావాలె బిడ్డా?”

“ఆయన వద్దని చెప్తలేను మేడం, కావాలని చెప్తలేను. గది ఇప్పుడు నాకే తెల్వదు. గా ఇంట్ల నేను భయం లేకుంట పండుకోవాలె. నా మిషన్ నాక్కావాలె. పండుగ ముంగట సంఘపోళ్లకు నేనేం ముఖం సూపియ్యాలె?”

తారామణి గారు బయటికి వచ్చి లడ్డూల పొట్లానికి దారం తిరిగి కట్టి, అధికారి గారి బల్లమీద పెట్టి, “ఇది వాపస్ పంపియ్యండి సార్. నేను నివేదిక రాస్తున్న” అన్నారు. మా విభాగంలో లడ్డూ తిరిగి దుకాణానికి పోవడం అదే మొదలు. తరువాత కొన్నాళ్లకు ఆ దుకాణదారు ఎంతో ఆందోళనతో, “ఏంది సార్, మీ ఆఫీసోళ్లందరికీ షుగర్ గిట్ల వచ్చిందా?” అని పరామర్శించాడు.

న్యాయసేవా సంస్థ పంపిన న్యాయవాది సాయంతో పిటిషన్ దాఖలయింది. నోటీసు క్రిస్టోఫర్ చేతికే అందింది. వాయిదా నాడు మాత్రం అతడు రాలేదు. మేజిస్ట్రేటు గారు నివేదిక చదివి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు: నిస్సీ, కూతురు ఆ ఇంట్లో ఉండాలి. క్రిస్టోఫర్ వేరేచోట ఉండి కిరాయి కట్టాలి. నిస్సీ అనుమతి లేకుండా ఆ గడప తొక్కరాదు. తొక్కితే అది నేరం. ఉత్తర్వు పట్టుకొని పోలీసు సోదరునితో సహా అందరూ నాచారం వెళితే, తలుపుకు పాత తాళం పక్కన మరో కొత్త తాళం వెక్కిరిస్తూ కనిపించింది. క్రిస్టోఫర్ అజ తెలియలేదు.

“గునపం తెప్పిస్త మేడం, రెండు దెబ్బలల్ల ఊడిపోతది” అన్నాడు పోలీసు సోదరుడు, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.

నిస్సీ తలుపు వైపు ఆశగా చూసింది. ఆవలనే మిషన్ ఉంది. కానీ తారామణి గారు తల అడ్డంగా ఊపారు. “పగులగొట్టుడు మనకు రెండు నిమిషాల పని. పగిలిన తలుపు పెట్టుకొని రాత్రి పండుకునేది ఈ బిడ్డ. తాళంచెవితోనే తెరువాలె.”

తాళంచెవులు ఎక్కడున్నాయో ఊహించడం కష్టం కాలేదు. క్రిస్టోఫర్ తల్లి సువార్తమ్మ మల్కాజిగిరి స్టేషను దగ్గర ఒంటిగదిలో ఉంటూ, దవాఖానాలో ఆయాగా పనిచేసేది. మా జీపు అటు బయలుదేరింది. ఆ జీపు గుణగణాలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. లాలాపేట్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు దాని ముందునుంచి ఒక ముసలావిడ కూరగాయల గంపతో నడిచి దాటిపోయి, అవతల దిగేచోట నిలబడి, “జల్ది రాండ్రి బిడ్డా” అని కేక వేసిందని వినికిడి.

సువార్తమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డది.

“నా కొడుకును బజార్ల పడేస్తందుకు వచ్చిన్రా? నా తాన ఏం లేదు. పోండ్రి.”

“పోతం అక్కా. ఎండల వచ్చినం, జర మంచినీళ్లిస్తవా?”

ఎంతటి పంతమున్నా, నీళ్లడిగిన మనిషిని కాదనే ఇల్లు మన దేశంలో లేదు. సువార్తమ్మ లోపలికి నడిచింది. వెనుకే తారామణి గారు. నీళ్లు ముంచుతున్నంతసేపూ, సందులో ఏ చప్పుడైనా సువార్తమ్మ చూపు తలుపు మీదికి పోతూనే ఉంది. తారామణి గారు నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, తలుపు రెక్క వెనుక చెయ్యి ఆనించారు. ఒక్క మనిషి ఉండే ఆ గదికి లోపలివైపు రెండు గడియలు. ఒకటి తుప్పు పట్టినది. రెండవది మెరిసిపోతున్న కొత్తది.

“గీ కొత్త గడియ ఎవలకు భయపడి పెట్టిచ్చుకున్నవ్ అక్కా?”

 సువార్తమ్మ నేల చూస్తూ అన్నది. “నా కొడుకుకే. తాగొస్తే తల్లి లేదు, పెండ్లాం లేదు వానికి.”

“మరి నువ్వు గూడ కోర్టుల రక్షణ అడగొచ్చు. గీ చట్టం కోడలు ఒక్కదానికే గాదు, తల్లికి గూడ ఉన్నది.”

“కన్నకొడుకు మీద కేసు పెడ్తరా ఎవలన్న?”

“పెట్టుమంటలేను. పెట్టొచ్చని చెప్తున్న. పెట్టొచ్చని నీకు తెలిస్తే చాలు. నీకు తెలుసని వానికి తెలిస్తే ఇంకా చాలు.”

సువార్తమ్మ కొంగు ముడి విప్పింది. రెండు తాళంచెవులు.

“గివి ఇచ్చినప్పుడు, ‘పానం పోయినా ఇయ్యకమ్మా’ అన్నడు.”

“మరి?”

“పానం ఉన్నది గదా, అందుకే ఇస్తున్న. ఉండు, నేనే వచ్చి తీస్త.”

అలా కొడుకు వేసిన తాళాలను తల్లి స్వహస్తాలతో తీసింది. నిస్సీ లోపలికి వెళ్లి మొదట మిషన్ మీది దుమ్ము తుడిచింది. తరువాత అత్తగారి వైపు తిరిగి, “మీరు గూడ ఉండుండ్రి అత్తమ్మా” అన్నది. “గుండీలు కుట్టనీకి మనిషి గావాలె” అని కారణం కూడా తానే చెప్పింది. సువార్తమ్మ ఆ పూట ఉండిపోయింది, ఆ వారం ఉండిపోయింది, నేటికీ అక్కడే ఉంది. పండుగలోపు ఆ మిషన్ ఆగింది లేదు. పారిశ్రామికవాడలో మరో ఫ్యాక్టరీ మొదలైందని భ్రమపడి ఒకాయన ఉద్యోగానికి దరఖాస్తు పట్టుకొచ్చాడన్నది నా కల్పనే గాని, క్రిస్మస్ ఉదయం పాటల బృందమంతా కొత్త జాకెట్లతో నిలబడి పాడిన మాట మాత్రం అక్షరసత్యం.

లాలాపేట్‌లో మిత్రుని గదికి చేరిన క్రిస్టోఫర్, కొన్నాళ్ల తరువాత కూతురిని చూడనిమ్మని మా కార్యాలయం ద్వారా అడిగించాడు. నిస్సీ ఒప్పుకొన్న ఆదివారం నాడు వచ్చి, పాత అలవాటు చొప్పున తలుపు భుజంతో నెట్టబోయాడు. లోపలినుంచి సువార్తమ్మ గొంతు వినవచ్చింది. “ఎవలది? అడిగి రా.” అతడు ఆగిపోయాడు. తరువాత వేలి కణుపులతో మెల్లగా తలుపు తట్టాడు. జైలు భయంతో నేర్చాడో, తాగుడు మానేందుకు తిన్న మందుల వల్ల నేర్చాడో, కూతురి ముఖం చూసి నేర్చాడో గాని, ఈ ఆరేళ్లుగా అతడు ఆ గడప బయట నిలబడి, “రావచ్చునా?” అని అడుగుతూనే ఉన్నాడు. “రా” అంటే వస్తాడు. “ఇయ్యాల కుదరదు, వచ్చే ఐతారం రా” అంటే వెనుదిరుగుతాడు. వారిద్దరూ మళ్లీ కలిసి ఉండాలా, చట్టబద్ధంగా విడిపోవాలా అన్నది నిస్సీ ఇంకా తేల్చలేదు. తేల్చమని తారామణి గారు ఏనాడూ తొందరపెట్టలేదు. నిర్ణయం ఆమెది, సమయం కూడా ఆమెదే అన్నారు.

ఆ డిసెంబరు మొదలు మా విభాగంలో రాజీ లడ్డూ లేదు. భర్తకు కబురు పంపకముందే భార్యను ఒంటరిగా కూర్చోబెట్టి “నీకేం గావాలె?” అని అడగడం మా పద్ధతి అయింది. రాజీ కోరినవారికి రాజీ, రక్షణ కోరినవారికి రక్షణ, విడిపోవాలనుకున్నవారికి బిడ్డల పోషణ సహా మర్యాదగా విడిపోయే మార్గం. రెండు వేల పదిలో పర్యవేక్షణాధికారిణిగా పదోన్నతి పొందిన పిమ్మట తారామణి గారు ఈ పద్ధతిని కొత్తవారందరికీ స్వయంగా నేర్పారు. ఆవిడ కీర్తి ఎంతదాకా పాకిందంటే, ఉప్పల్ బస్తీలో ఒక ప్రబుద్ధుడు భార్య మీద కర్ర ఎత్తినవాడల్లా మా జీపు చప్పుడు విని, కర్ర పారేసి, చీపురందుకొని వాకిలి ఊడ్వసాగాడట. జీపు వెళ్లిపోయిందో లేదో తెలియక పక్కింటి వాకిలి కూడా ఊడ్చాడట. ఇది అబద్ధమని ఆవిడ అంటారు. పక్కింటివారు మాత్రం ఖండించలేదు.

రాష్ట్ర విభజన చర్చలు మా కార్యాలయంలోనూ వేడెక్కిన రోజులుండేవి. కోస్తా నుంచి వచ్చి మాలో ఒకరైపోయిన చలపతిరావు గారికీ, ఇక్కడి సహోద్యోగులకూ ఒక మధ్యాహ్నం మాటా మాటా పెరిగి టిఫిన్ డబ్బాలు మూతపడ్డాయి. తారామణి గారు వచ్చి ఇరువురి మధ్య కూర్చొని, తన డబ్బా విప్పి, “విడిపోయేటోళ్లు ఒకరినొకరు తిట్టుకోకుంట, కొట్టుకోకుంట ఎట్ల విడిపోవాల్నో పొద్దున లేస్తే జనానికి చెప్పేది మనమే గదా. గదే పాఠం మనకు వర్తించదా?” అన్నారు. చలపతిరావు గారు ముందుగా నవ్వి, “మీ దగ్గర వాదిస్తే చివరికి భరణం కూడా కట్టిస్తారండీ” అని, గోంగూర పచ్చడి అందరికీ పంచారు.

ఇంతటి మనిషిలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఎందరి ఇళ్ల తాళాలో తెరిపించిన ఆవిడకు సొంత ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టారో ఒక్కనాడూ గుర్తుండదు. భర్త రామస్వామి గారు సాయంకాలాలు అరుగు మీదే కూర్చొని ఎదురుచూడటం చూసి, ఆయన ప్రకృతి ప్రేమికులని ఇరుగుపొరుగు చాలాకాలం భావించారు. ఇకమీదట ఆవిడ ఇంటిపట్టునే ఉంటారు గనుక ఆయనకు గృహప్రవేశ యోగం పట్టినట్టే.

ఈ వీడ్కోలు సభకు మిఠాయి ఏమి తెప్పించాలని అడిగితే, లడ్డూ తప్ప ఏదైనా సరే అన్నారు తారామణి గారు. ఆ మాట ఎలా తెలిసిందో గాని, నిన్న సాయంత్రం నిస్సీ, సువార్తమ్మ ఇద్దరూ ఆటోలో వచ్చి, ఇంట్లో చేసిన లడ్డూల డబ్బా బల్లమీద పెట్టారు. “ఇప్పుడు దిగుతది మేడం” అన్నది నిస్సీ. తారామణి గారు ఒకటి తీసుకొని సగం ఆమెకిచ్చి, సగం తాము తిన్నారు. మా హాలులో ఎవరూ తినిపించమని చెప్పకుండా తిన్న మొదటి లడ్డూ అది.

అట్టి తారామణి గారు రామస్వామి గారి సమేతంగా ఆయురారోగ్యాలతో, చల్లని మనసుతో, ఇప్పటిలాగే గలగలా నవ్వుతూ నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఏ ఇంట నీళ్లడిగినా వణకని చేతులే ఆవిడకు గ్లాసందించాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము. ముసలితనము, అనారోగ్యము ఎప్పుడో ఒకనాడు ఆ ఇంటికి రాక తప్పదనుకుంటే, అవి కూడా క్రిస్టోఫర్ లాగే గడప బయట నిలబడి, తలుపు తట్టి, “రావచ్చునా మేడం?” అని వినయంగా అడగాలి. ఆవిడ లోపలినుంచి, “ఇయ్యాల కుదరదు, మళ్లెప్పుడన్న రాండ్రి” అని చెప్పి పంపించాలి. అవి అలా ఎన్ని ఆదివారాలైనా తిరుగుతూనే ఉండాలి.

— ఉమాపతి
విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, నాచారం